పేర్లు లేని చుక్కలు

నాకు అనుమానం ఎక్కువని మా బంధువులందరూ అంటారు. వాళ్ళను కూడా మణికొండలో ఇరవై రెండేళ్లు ప్లాట్లు అమ్మి చూడమనండి, అప్పుడు తెలుస్తుంది. ఒకే ప్లాటును ముగ్గురికి రాసిచ్చిన పెద్దమనిషిని చూశాను. చనిపోయిన తండ్రి వేలిముద్ర పట్టుకొచ్చిన కొడుకును చూశాను. చెరువు కడుపులో ఇల్లు కొని, వానాకాలం నీళ్ళొచ్చాక నా దగ్గర కూర్చుని ఏడ్చినవాళ్ళను చూశాను. అందుకే ఎవరైనా నా ఎదురుగా కూర్చుని “మేం మంచి పని చేస్తున్నామండీ” అంటే నేను ముందు జేబు తడుముకుంటాను.

నా పేరు చెన్నకేశవులు. మాది ప్రొద్దుటూరు. ఇక్కడ నందిని ఎన్‌క్లేవ్‌లో మూడంతస్తుల ఇల్లు కట్టుకున్నాను. మధ్య అంతస్తులో నేనూ మా ఆవిడ పార్వతమ్మా ఉంటాం. కింద వీధి వైపు గది ఒకప్పుడు నా ఆఫీసు. పైన టెర్రస్ మీద చిన్న పోర్షన్ ఉంది. అందులో తమందా అనే ఆఫ్రికా అమ్మాయి అద్దెకుండేది. మలావి దేశం నుంచి వచ్చి ఇక్కడ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్ మీద చదువుకునేది. మొగుడు వాళ్ళ దేశంలోనే ఉన్నాడు. పోలీసులకు ఇవ్వాల్సిన ఫారం ఇచ్చాను, పాస్‌పోర్టు జిరాక్స్ బీరువాలో పెట్టుకున్నాను. మెట్ల మీద ఎదురైతే “గుడ్ మార్నింగ్ అంకుల్” అనేది. నేను “ఊఁ” అనేవాణ్ణి. అంతకు మించి ఆమె వంక చూసింది లేదు.

జూన్‌లో కింది గది కావాలని ముగ్గురు వచ్చారు. ఒకామె ఒడెట్, నలభై ఐదేళ్లుంటాయి. కాంగో నుంచి వచ్చి పదకొండేళ్లుగా టోలిచౌకిలో జడలు అల్లే సెలూన్ నడుపుతోందట. తెలుగు మాట్లాడుతుంది, అదీ అచ్చం మా వాచ్‌మన్ కిష్టయ్య మాట్లాడే తెలుగు. మిగతా ఇద్దరూ పాతికేళ్లు నిండని తెల్లపిల్లలు. యోహానా అనే పిల్లది జర్మనీ, కాన్పులు చేసే నర్సు చదువు చదివింది. బ్రామ్ అనే పిల్లాడిది హాలెండ్. ఏదో సేవాసంస్థ తరఫున ఏడాది పాటు జీతం లేకుండా పని చేయడానికి వచ్చారట. ఆ మాట దగ్గరే నాకు మొదటి అనుమానం వచ్చింది. జీతం లేకుండా సొంత తమ్ముడే నా ఆఫీసులో వారం రోజులు పని చేయలేదు.

“ఏం పని చేస్తారు?” అని అడిగాను.

“మా ఆడోళ్లు కాన్పుకు దవాఖానకు పోతె తోడు ఎవ్వరుండరు సార్,” అంది ఒడెట్. “డాక్టరమ్మ చెప్పేది సమజ్ కాదు. తోడొచ్చినోళ్లు ఎవరు, సంతకం ఎవరు పెడ్తరు అని అడుగుతరు. మొగుళ్లేమో దేశంల ఉండిరి. గందుకే మేమే ఒకరికొకరం తోడు పోతం. ఈ పిల్లలు మాకు మదత్ చేస్తరు. శనివారం శనివారం కూసోని మాట్లాడుకునేతందుకు జాగ కావాలె.”

దవాఖానకు తోడు వెళ్ళడానికి ఇంత ఏర్పాటా? తోడు వెళ్ళేవాళ్ళు వెళతారు, వస్తారు. మధ్యలో గది ఎందుకు, జర్మనీ ఎందుకు, హాలెండ్ ఎందుకు? నా చెవిలో పువ్వు పెడుతున్నారనుకున్నాను. అయినా గది ఆరు నెలలుగా ఖాళీగా ఉంది. తాళం చెవి ఒకటి వాళ్ళకిచ్చి, ఒకటి నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇక శనివారాలు మొదలయ్యాయి. ఆఫ్రికా ఆడవాళ్ళు గుంపుగా వచ్చేవాళ్ళు కాదు. ఒకరొచ్చిన ఐదు నిమిషాలకు ఇంకొకరు, అదీ వేరే వీధిలోంచి. పోయేటప్పుడూ అంతే. మన దగ్గర ఒక ఇంట్లో ఎంతమంది ఉన్నారో గుమ్మం ముందు చెప్పులు చూస్తే తెలిసిపోతుంది. వీళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి తీసుకుపోయేవాళ్ళు. చెప్పులు కూడా దాచుకునే మనుషులు ఇంకేమేం దాస్తారో మీరే చెప్పండి.

మెట్ల మలుపులో ఆ గదికి ఒక చిన్న వెంటిలేటర్ ఉంది. నేను అక్కడ కుండీలకు నీళ్ళు పోయడం మొదలుపెట్టాను. లోపల వాళ్ళు నవ్వుతూ మాట్లాడుకుంటూ ఉంటారు. యోహానా, బ్రామ్ నోటుపుస్తకం తీయగానే ఠక్కున నోళ్ళు మూతపడతాయి. ఒకరోజు తెల్లపిల్లలిద్దరూ మెట్ల మీద కూర్చుని వాళ్ళలో వాళ్ళు గొణుక్కోవడం విన్నాను. ప్లాట్లు అమ్మేంత ఇంగ్లీషు నాకూ వచ్చు.

“అంతా ఒడెట్ గుప్పిట్లోనే ఉంది,” అన్నాడు బ్రామ్. “ఆమె చెప్పకపోతే మనకు ఒక్క మనిషి ఇల్లు కూడా తెలియదు. నిజంగా ఇంతమంది ఉన్నారా? నేను రిపోర్టులో ఏం రాయాలి?”

“వాళ్ళకు మన మీద నమ్మకం లేదు,” అంది యోహానా.

“మనకు మాత్రం ఆమె మీద ఉందా?”

అనుమానం నా ఒక్కడిదే కాదని తెలిసి నా ప్రాణం కుదుటపడింది. తెల్లవాళ్ళకు నల్లవాళ్ళ మీద, నల్లవాళ్ళకు తెల్లవాళ్ళ మీద, నాకు అందరి మీదా. ఇల్లు మాత్రం నాది.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఇంకో వింత. పార్వతమ్మ ఎప్పుడూ ఫోన్ ఎక్కడో పడేసి ఇల్లంతా వెతుక్కునే మనిషి. అలాంటిది ఫోన్ నడుముకు దోపుకుని తిరగడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం పడుకున్నా తలకింద ఫోనే. ఎవరికోసమే అంటే “ఎవురికోసమైతే నీకేంది?” అనేది. ముప్పై ఒక్క ఏళ్ల కాపురం తర్వాత పెళ్ళాన్ని అనుమానించేంత మతి పోలేదు నాకు. కానీ మనసులో ఒక మూల పెట్టుకున్నాను.

అక్టోబరులో ఒక శనివారం లోపల పెద్ద గొడవయింది. నాకు ఎవరో ఫోన్ చేస్తే టెర్రస్ మీదికి పోయి మాట్లాడి వచ్చేసరికి సగం అయిపోయింది. నేను కుండీ దగ్గరికి చేరేటప్పటికి ఒడెట్ గొంతు ఖంగున మోగుతోంది. ఆమె ఇంగ్లీషులో అంటోంది, “కాగితం మీద పేరు పడితే మా పని అయిపోయినట్టే. ఎవరైనా చూస్తే? మీరు ఏడాదికి వెళ్ళిపోతారు. మేం ఇక్కడే ఉండాలి.”

“సరే, పేర్లు వద్దు,” అంది యోహానా. “ఇంటి నంబర్లూ వద్దు. ఒట్టి చుక్కలే పెడదాం. అది ఈ గది దాటి పోదు. నాదీ పూచీ.”

తర్వాత ఒడెట్ “నీ ఇష్టం” అంది. ఇష్టం లేకుండా అనే ఇష్టం అది.

నాకు ఇంకేం కావాలి? పేరుంటే పని అయిపోతుందట. ఎవరైనా చూస్తే కొంప మునుగుతుందట. మంచి పని చేసేవాళ్ళు మాట్లాడే మాటలేనా ఇవి?

మర్నాడు ఆదివారం పొద్దున్నే గోడకు చెమ్మ పట్టిందేమో చూద్దామని నా తాళంచెవితో ఆ గది తీశాను. గోడకు చెమ్మ లేదు. పెద్ద చార్టు ఉంది. దాని మీద చేత్తో గీసిన మ్యాపు. నీలం గీతలు రోడ్లు. వాటర్ ట్యాంకు, పార్కు, మెడికల్ షాపు, బస్టాపులకు చిన్న బొమ్మలు. వాటి మధ్య అక్కడక్కడా అంటించిన గుండ్రటి చుక్కలు. కొన్ని ఆకుపచ్చవి, కొన్ని పసుపువి, నాలుగు ఎర్రవి. ఎక్కడా ఒక్క పేరు లేదు, ఒక్క నంబరు లేదు.

ఇంకెవరైనా చూస్తే అది చిన్నపిల్లల బొమ్మ. నాకు మాత్రం చుక్కచుక్కకీ ఓనరు కనిపించాడు. పార్కు మూల నుంచి మూడో బిట్టు, తూర్పు ఫేసింగ్, అది కుమార్‌ది. వాటర్ ట్యాంకు వెనక రెండు రోడ్లు కలిసే చోట ఉన్నది హేమంత్‌ది, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఈశాన్యం పెరిగిందని నా ద్వారానే కొని అద్దెకిచ్చాడు. మెడికల్ షాపు పక్క సందులో ఉన్నది జయలక్ష్మమ్మగారిది. ఒక్కో చుక్క చదువుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? పేర్లు దాచి తెలివి చూపించారు కదా, ఆ తెలివి నా దగ్గర చెల్లలేదు. పది నిమిషాల్లో పదకొండు ఇళ్ళూ తేలిపోయాయి.

పదకొండోది నా ఇల్లు. ఎర్ర చుక్క.

నా ఇంటిని, నన్నడగకుండా, నా గోడ మీదే ఎర్ర రంగుతో గుర్తుపెట్టుకున్నారు! మత్తుమందుల ముఠానా, దొంగ వీసాల దందానా, మతం మార్చే బేరమా, ఏదైనా కావచ్చు. ఫోటో తీశాను. పైకొచ్చి మా కాలనీ ఓనర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద పదకొండు ప్లాట్ నంబర్లూ వరసగా రాశాను. “ఓనర్లందరికీ మనవి. ఈ ఇళ్లలో అద్దెకున్న విదేశీయులు రహస్యంగా ఏదో నడుపుతున్నారు. ఎర్ర గుర్తులున్నవి మరీ ప్రమాదం. ఎవరి జాగ్రత్తలో వారుండండి.”

పావుగంటలో గ్రూపు నిండా దండాలు. హేమంత్ “గ్రేట్ విజిలెన్స్ సర్, ఈరోజే ఖాళీ చేయిస్తాను” అని పెట్టాడు. మధ్యాహ్నానికి నలుగురు అదే మాట రాశారు. నేను తృప్తిగా భోంచేసి పడుకున్నాను.

సాయంత్రం పార్వతమ్మ భజనకు పోయింది. నేను టెర్రస్ మీదికి పోయి తమందా తలుపు కొట్టాను. ఆమె తలుపు తెరిచి, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని నిలబడింది. నేను ఎదురుగా ఉన్న నీళ్ళ ట్యాంకు వంక చూస్తూ చెప్పాను, “నెలాఖరుకు ఖాళీ చేయాలమ్మా. మా బంధువులొస్తున్నారు.”

“నెలాఖరుకా అంకుల్?” అంది. “ఇంకొక్క నెల ఉండనివ్వరా?”

“కుదరదు,” అన్నాను. ఇంకా బతిమాలుతుందేమో అని గబగబా దిగి వచ్చేశాను.

సోమవారం పొద్దున పార్వతమ్మ రైతుబజారుకు పోయి వచ్చి, ఉగ్గాణి కలిపి, ఒక గిన్నెలో పెట్టుకుని పైకి పోయింది. రెండు నిమిషాల్లో పరుగున దిగింది. గిన్నె అలాగే చేతిలో ఉంది.

“పైన ఎవురూ లేరే! తలుపు బార్లా తెరిచుండాది. బట్టలు లేవు, పొయ్యి లేదు. పాప యాడికి పోయిందప్పా?”

“పోయిందా? నెలాఖరు దాకా టైమిచ్చినానే,” అన్నాను.

ఆమె గిన్నె నేల మీద పెట్టింది. “ఏం టైమిచ్చినావు?”

నేను జరిగింది చెప్పాను. గర్వంగానే చెప్పాను, ఫోన్ తీసి గ్రూపు కూడా చూపించాను. ఆమె చదువుతూ చదువుతూ కుర్చీలో కూలబడింది. ఫోన్ నాకు తిరిగిచ్చి అడిగింది, “నీకు ఆ పాప కడుపు అగుపడలేదా?”

“ఏం కడుపు?”

“తొమ్మిదో నెల. నిండు చూలాలు. రోజుకు రెండుమార్లు నీ ముందరే దిగి ఎక్కుతాంది.”

“నేను పరాయి ఆడవాళ్ళ వంక చూడను,” అన్నాను.

“చూడవు. చుక్కల వంక చూస్తావు.”

అప్పుడు చెప్పింది. ఆకుపచ్చ చుక్క అంటే బిడ్డతల్లి. పసుపు అంటే కడుపుతో ఉన్న మనిషి. ఎరుపు అంటే ఈ నెల దాటకుండా కాన్పయ్యే మనిషి. అంతే, ఇంకే రహస్యమూ లేదు. ఒడెట్ మనుషులకు కాగితాలు గిట్టవు. వాళ్ళ పద్ధతి వేరు. ఒక్కో ఆడమనిషికి రెండే రెండు ఇళ్ళు తెలుస్తాయి, ఇటు ఒకటి, అటు ఒకటి. నొప్పులొస్తే పక్క ఇంటికి చెబుతుంది, ఆ ఇల్లు తర్వాతి ఇంటికి చెబుతుంది, అలా ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు పరుగెత్తుకొస్తారు. మొత్తం ఇళ్ళు ఒక్క ఒడెట్‌కే తెలుసు, అదీ తలలోనే. ఎవరి ఇల్లైనా బయటపడితే ఆ ఇంటిని వదిలేసి మిగతావాళ్ళు కలుసుకుంటారు. ఇదివరకు రెండు ఊళ్ళలో జనం మీదపడి తరిమితే నేర్చుకున్న పద్ధతి అది. మరి మ్యాపు ఎందుకంటే, ఆగస్టులో ఒకామెకు నొప్పులొచ్చినప్పుడు పక్కింటి మనిషి డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తలేదు. రెండు గంటలు ఆలస్యమైంది. బిడ్డ దక్కలేదు. అందుకని యోహానా పట్టుబట్టింది, ఎవరు ఎక్కడున్నారో కనీసం తనకైనా తెలియాలని.

“ఇదంతా నీకెట్ల తెలుసు?” అన్నాను.

“తమందాకు ఇటు పక్క ఇల్లు ఒడెట్‌ది,” అంది పార్వతమ్మ. “అటు పక్క ఇల్లు నేను.”

నడుముకు దోపుకున్న ఫోన్ తీసి ఆమె తమందాకు చేసింది. స్విచాఫ్. ఒడెట్‌కు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఏం చేయాలో తోచలేదు.

“మన కూతురు రమ్య కాన్పుకు నలుగురం పోతిమి,” అంది ఆమె, నాతో కాదు, గోడతో. “నలుగురం పోయి కూడా భయపడితిమి.”

మధ్యాహ్నం మూడు గంటలకు ఒడెట్, యోహానా గది ఖాళీ చేయడానికి వచ్చారు. బ్రామ్ ఆటోలో ఆడవాళ్ళను తలో చోటికీ చేరుస్తున్నాడట. పొమ్మన్న ఇళ్ళే కాదు, ఓనర్లు నోరెత్తని ఇళ్ళు కూడా ఒడెట్ పొద్దునకల్లా ఖాళీ చేయించింది. పదకొండుకు పదకొండూ. నేను కిందికి దిగేసరికి యోహానా చార్టు ముందు నిలబడి ఏడుస్తోంది.

“ఒక్క పేరు రాయలేదు,” అంటోంది. “ఒక్క నంబరు రాయలేదు. ఎలా తెలిసింది?”

“పేరు రాయకపోతే చాలనుకున్నావు,” అంది ఒడెట్ ఆమెతో ఇంగ్లీషులోనే. “మీ ఊళ్ళో చాలేమో. ఇక్కడ ఈ వీధులు అమ్మిన మనిషి పై అంతస్తులోనే ఉంటాడు.” తర్వాత నా వైపు తిరిగింది. “చుక్కలు చదివింది నువ్వే గద సార్?”

“నా గోడ మీద ఏముందో చూసుకునే హక్కు నాకుంది,” అన్నాను. “నేను కూడా ఎవరి పేర్లూ పెట్టలేదు. ప్లాట్ నంబర్లే పెట్టాను.”

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక అదెంత బాగుందో నాకే వినిపించింది. యోహానా ఏడుపు ఆపి నా వంక చూసింది.

“హక్కుంది సార్, కాదంటలేను,” అంది ఒడెట్. ఆమె అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. “మేం ఎందుకొచ్చినమో మొదటి దినమే నీకు చెప్పిన. నువ్వు అడిగినవ్, నేను చెప్పిన. దాంట్ల ఒక్క ముక్కన్న అబద్ధం చెప్పిన్నా?”

చెప్పిందంతా నిజమే. ఆమె చెప్పిన నిజం ఒక్కటే నేను నమ్మలేదు, మిగతావన్నీ నేనే కల్పించుకున్నాను. నాకు తల కొట్టేసినట్టయింది.

“ఆ అమ్మాయికి నా కారు పంపిస్తాను,” అన్నాను. “ఏ టైములోనైనా సరే. ఎక్కడుందో చెప్పండి, హాస్పిటల్‌కి నేనే తీసుకుపోతాను.”

“కారు దొరుకుతది సార్. గా పిల్ల భయమైతె పద్దెనిమిది మెట్లు దిగితె అమ్మ ఉండె. ఇప్పుడు ఉన్న తావుల పక్కింటోళ్లు ఎవ్వరో, ఏం మనుషులో తెల్వదు. గసొంటి తోడు యాడికెళ్ళి తెస్తవు?”

యోహానా కళ్ళు తుడుచుకుంది. “నేను ఆమె దగ్గరే ఉంటాను,” అంది. “కాన్పయ్యేదాకా అక్కడే పడుకుంటాను. నాకు ఇల్లు చెప్పు.”

ఒడెట్ వెంటనే చెప్పలేదు. ఆ పిల్లను ఎగాదిగా చూసింది. నాలుగు నెలలు కలిసి పనిచేసిన మనిషిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుగా చూసింది. “ఒక్క ఇల్లు చెప్తాను,” అంది. “ఆ ఒక్కటే. బ్రామ్‌కు చెప్పకూడదు, మీ ఆఫీసుకు చెప్పకూడదు. రాసుకోకూడదు.”

యోహానా తన నోటుపుస్తకం నా పాత టేబుల్ మీద పెట్టేసింది. చార్టును గోడ మీంచి పీకి నాలుగు ముక్కలు చేసింది. ఒడెట్ ఆమె చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పింది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. నాకు వినబడలేదు. వినబడకూడదనే అలా చెప్పింది.

వాళ్ళు బయటికి వస్తుంటే పార్వతమ్మ మెట్ల దగ్గర నిలబడి “ఒడెట్టమ్మా” అని పిలిచింది. ఒడెట్ ఆగింది. మా ఆవిడ వంక చూసింది, ఆమె వెనక నిలబడ్డ నా వంక చూసింది. “మాఫ్ చెయ్యి అమ్మా,” అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం గ్రూపులో రాశాను. “నిన్న నేను పెట్టిన సమాచారం పొరపాటు. ఆ ఇళ్లలో ఉన్నది గర్భిణీ స్త్రీలు, తల్లులు. ఎవరూ ఖాళీ చేయించవద్దని మనవి.” ఇద్దరు చదివారు. హేమంత్ “పర్లేదు సర్, ఎలాగూ వెళ్ళిపోయారు” అని బొటనవేలు బొమ్మ పెట్టాడు. జయలక్ష్మమ్మగారు కొత్త అద్దెవాళ్ళు కావాలి, శాకాహారులైతే మంచిది అని రాశారు. నిన్నటి అబద్ధానికి నలభై దండాలొచ్చాయి. ఈ రోజు నిజానికి ఒక్క బొటనవేలు.

పార్వతమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. వండుతోంది, వడ్డిస్తోంది, ఫోన్ నడుముకు దోపుకునే ఉంది. ఎవరి ఫోనొచ్చినా ఉలిక్కిపడి తీస్తుంది, చూసి మళ్ళీ దోపుకుంటుంది. వారం దాటింది. రోటి దగ్గర కూర్చుని శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు దంచి, బెల్లం పాకంలో కలిపి కాయం చేసింది. బాలింతకు పెట్టే మందు అది. స్టీలు డబ్బాలో పోసి మూతపెట్టి పెట్టుకుంది. ఎవరికి పంపాలో, ఎక్కడికి పంపాలో ఆమెకు తెలియదు. కానీ చేసింది.

ఆ డబ్బాను చూశాక నేనూ ఏదో ఒకటి చేయాలనుకున్నాను. నేను చేయగలిగిన పని ఒక్కటే, ఇళ్ళు వెతకడం. మియాపూర్‌లో నాకు తెలిసిన బ్రోకర్లున్నారు, కొండాపూర్‌లో ఉన్నారు. ఒక ఆఫ్రికా అమ్మాయి, ఒక తెల్లమ్మాయి కలిసి ఈ నెలలో దిగిన ఇల్లు కనుక్కోవడం నాకు పూట పని. కనుక్కుని, పార్వతమ్మను కారులో కూర్చోబెట్టుకుని పోయి, ఆ గుమ్మంలో దింపాలని నా ఆశ. మియాపూర్ రాజుకు ఫోన్ కలిపి “ఒక చిన్న పని పడింది” అన్నానో లేదో, పార్వతమ్మ వచ్చి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

“మళ్ళా వెతుకుతాండావా?”

“నీ కోసమే. నిన్ను తీసుకుపోదామని.”

“నువ్వు కనుక్కున్నావంటే ఆ పాప మళ్ళా మూట కట్టాల. బిడ్డ పుట్టుంటే బిడ్డనెత్తుకుని పోవాల. నీకు పుణ్యముంటుంది, ఆమెను ఉన్నకాడ ఉండనియ్యి.”

నేను మంచి చేద్దామన్నా అది ఆమెకు ముప్పే. ఆ సంగతి అర్థమయ్యాక నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. పార్వతమ్మ చూసింది, ఫోన్ టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళిన పంతొమ్మిదో రోజు పట్టపగలు గేటు ముందు స్కూటీ ఆగింది. యోహానా నడుపుతోంది, వెనక ఒడెట్. యోహానా దిగలేదు, హెల్మెట్ తీయలేదు. కళ్ళ కింద నల్లగా, వారం రోజులు నిద్రలేని మనిషిలా ఉంది. నేనే వెళ్ళి గేటు తీశాను.

“తమందా…” అన్నాను.

“అమ్మతోని మాట్లాడాలె సార్,” అంది ఒడెట్.

పార్వతమ్మ అప్పటికే హాల్లోకి వచ్చేసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. ఒడెట్ నోరు విప్పలేదు. నేను కుర్చీ జరిపాను, ఆమె కూర్చోలేదు. మంచినీళ్ళు తెమ్మంటారా అన్నాను, వద్దంది. ఇంకాసేపటికి గానీ నాకు బోధపడలేదు, ఆమె నేను వెళ్ళడం కోసం చూస్తోంది.

పార్వతమ్మ నెమ్మదిగా అంది, “నువ్వు రొంత లోపలికి పో.”

నా ఇంట్లో, నా హాల్లోంచి, నేను పడకగదిలోకి పోయాను. తలుపు నేనే వేసుకున్నాను. మంచం మీద కూర్చున్నాను. ఒడెట్ ఏదో చెప్పింది, నాలుగైదు మాటలు, చాలా తగ్గు గొంతుతో. తర్వాత పార్వతమ్మ నుంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో తెలియలేదు. లేచి తలుపు దగ్గరికి పోవచ్చు. పోలేదు. స్టీలు డబ్బా మూత చప్పుడైంది, గేటు చప్పుడైంది, స్కూటీ వెళ్ళిపోయింది.

నేను బయటికి వచ్చేసరికి పార్వతమ్మ వంటింట్లో ఉంది. నడుముకు ఫోన్ లేదు, అల్మారా మీద పెట్టేసి ఉంది. కాయం డబ్బా కనబడలేదు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముఖంలో ఏముందో చదవడానికి ప్రయత్నించాను, నా వల్ల కాలేదు.

“కాన్పయిందా?” అన్నాను.

ఆమె పళ్ళెం కడిగి, తుడిచి, అన్నం వడ్డించసాగింది.

“ఆడపిల్లనా, మగపిల్లోడా?”

పప్పు వేసింది. నెయ్యి వేసింది.

“పార్వతీ, ఇద్దరూ బాగుండారా? అదొక్కటి చెప్పు. ఇంకేం అడగను. ఎవరికీ చెప్పను.”

ఆమె చేతిలో గరిటె ఆగింది. చెబుతుందనుకున్నాను. పెదవులు కదిలాయి కూడా. తర్వాత నా ముందు పళ్ళెం పెట్టి, “మాట ఇచ్చినాను,” అంది. “తిను, సల్లారిపోతాంది.”